రెండు గదుల హోమ్‌స్టేకి జపాన్ ఒమోతెనాషి: కోనసీమలో ఏది నప్పుతుంది, ఏది నప్పదు

వైనతేయ_గట్టు

రాజోలు, మలికిపురం, అంతర్వేది వైపు పాత మండువా లోగిలిని హోమ్‌స్టేగా మార్చాలనుకునేవాళ్ళ కోసం ఈ చర్చ. రెండు మూడు గదులు, ఇంట్లో ఇద్దరు మనుషులు, పొద్దున్నా సాయంత్రం పనికి వచ్చే ఒకావిడ. బలగం అంతే అనుకోండి. జపాన్ వాళ్ళ ఒమోతెనాషి, అంటే వాళ్ళ అతిథి మర్యాద గురించి అందరూ గొప్పగా చెబుతారు గానీ, నడుం వంచి దణ్ణం పెట్టడం, తువ్వాలు చేతికివ్వడం దగ్గరే ఆగిపోతారు. కావలసింది పని వివరం. అతిథి వచ్చే ముందురోజు నుంచి వెళ్ళిన గంట దాకా ఏ పని, ఎప్పుడు, ఎంత. పైగా గోదావరి జిల్లాల మర్యాదలకి ఉన్న పేరు చాలదా, మళ్ళీ జపాన్ దగ్గర నేర్చుకునేదేమిటి అన్న ప్రశ్న కూడా ఉంది. దానికీ జవాబు రాయండి.

తాతామి_చాప

ముందుగా ఒక సవరణ. ఒమోతెనాషి అనగానే అందరూ ర్యోకాన్‌ని, అంటే అక్కడి సంప్రదాయ సత్రాన్ని చూపిస్తారు. అక్కడ ఒకామి అనే యజమానురాలు ఉంటుంది, గదులు చూసుకోవడానికి పనివాళ్ళు ఉంటారు, చాలాచోట్ల భోజనం గదికే వస్తుంది. ఇద్దరు మనుషులతో అది నడవదు. మీరు చూడాల్సింది మిన్షుకుని. కుటుంబం తమ ఇంట్లోనే నడుపుకునే బస అది. అక్కడ చాలాచోట్ల పడక అతిథే పరుచుకుంటాడు, స్నానాల గది అందరికీ ఒకటే, భోజనం వేళకి అందరూ ఒకే గదిలోకి వచ్చి కూర్చుంటారు. రేటు మనిషికి ఇంత అని చెబుతారు, రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం అందులోనే. బక్షీసు అడగరు, ఇచ్చినా పుచ్చుకోవడానికి మొహమాటపడతారు.

మిన్షుకు ఇచ్చేది తక్కువే. ఆ ఇచ్చే నాలుగూ మాత్రం అతిథి గుమ్మంలో అడుగు పెట్టేసరికి సిద్ధంగా ఉంటాయి. ఈ పద్ధతికి మూలం తేనీటి సంప్రదాయంలో ఉందంటారు. 16వ శతాబ్దపు తేనీటి గురువు సెన్ నో రిక్యూ (1522–1591) పేరు మీద ఏడు సూత్రాలు చెబుతారు. మూడు మన పనికి సూటిగా వస్తాయి: వేసవిలో చల్లదనం, చలికాలంలో వెచ్చదనం తెలిసేలా ఉంచు, అన్నీ వేళకి ముందే పూర్తిచెయ్యి, వాన లేకపోయినా వానకి సిద్ధపడు.

మన మర్యాద అతిథి ఎదుట ఉన్నంతసేపూ పొంగుతుంది. కొసరి కొసరి వడ్డిస్తాం, ఇంకాసేపు కూర్చోమంటాం. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ రాత్రంతా రైల్లో వచ్చినవాడికి ముందు కావలసింది కాళ్ళు కడుక్కునే నీళ్ళు, చోటు, కాస్త నిశ్శబ్దం. అవి అడక్కుండానే దొరకాలి.

పొట్టెక్క_బుట్ట

కొసరి వడ్డించడం తప్పన్నట్టు రాశారు, అది ఒప్పుకోలేనండి. మన వైపు "ఇంకొంచెం వెయ్యనా" అని అడక్కపోతే అతిథి సగం ఆకలితో లేస్తాడు. మొదటిసారి వద్దనడం ఇక్కడి అలవాటు. దాన్ని నిజం అనుకుని గరిటె పక్కన పెట్టేస్తే వచ్చినవాళ్ళు పస్తే.

తాతామి_చాప

పొట్టెక్క_బుట్ట గారూ, మీ మాటలో న్యాయం ఉంది. మొదటి "వద్దు" ఇక్కడ మొహమాటపు మాటే. అందుకే గరిటె చేత్తో పట్టుకుని ఒక్కసారి అడగండి. తర్వాత అన్నం, కూర, పెరుగు మూతగిన్నెల్లో అతిథి చెయ్యి అందే దూరంలో పెట్టి, మీరు పది నిమిషాలు వంటింట్లోకి వెళ్ళిపోండి. మొహమాటం ఉన్నవాడు తనే వేసుకుంటాడు. నిజంగా చాలినవాడికి ఇబ్బంది ఉండదు. రెండో రోజు నుంచి ఆ గిన్నెల్లో ఎంత మిగిలిందో చూస్తే, ఎవరికి ఎంత వండాలో వాళ్ళని అడగక్కర్లేదు.

పొట్టెక్క_బుట్ట

మూతగిన్నెల మాట బాగుంది. వంట లెక్క నేను రాస్తాను.

హోమ్‌స్టేల్లో పెద్ద పొరపాటు పదిహేను రకాలు చెయ్యడం. ఇద్దరు మనుషులు పదిహేను చేస్తే పన్నెండు చల్లారిపోతాయి. రాత్రికి ఐదు చాలు: ఒక పప్పు లేక పులుసు, ఆ ఋతువు కూర ఒకటి, ఒక వేపుడు, రోటి పచ్చడి, పెరుగు. పెద్దవాళ్ళకి తలా 100 గ్రాముల బియ్యం, పనిచేసి అలిసినవాళ్ళో కుర్రాళ్ళో అయితే 130. కూర చిన్న గిన్నెడు.

ఐదులో ఒకటైనా ఆ నెలలో ఆ ఊళ్ళో దొరికేదై ఉండాలి. లేత పనస వచ్చే రోజుల్లో ఆవపెట్టిన పనసపొట్టు, ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయ పప్పు, పక్కన ముంజలు. వరదనీరు ఎర్రగా తిరిగాక పులస. కార్తీకంలో కందబచ్చలి. చలికాలంలో తేగలు. జపాన్ వాళ్ళు భోజనంలో ఋతువు కనిపించాలంటారు. మన వంటింట్లో అది ఎప్పటి నుంచో ఉంది, హోటల్ మెనూని చూసి మనమే పన్నీరు కూరలోకి దిగాం.

పులస విషయంలో జాగ్రత్త. ధర రోజుకో రకంగా ఉంటుంది, ముళ్ళు ఎక్కువ. రేటు, ముళ్ళ సంగతి రెండూ ముందురోజే చెప్పి, సరే అన్నాకే కొనండి. చిన్నపిల్లలుంటే వాళ్ళకి వేరే కూర.

ఫలహారం ముందురోజు మధ్యాహ్నమే మొదలవుతుంది. పొట్టెక్కలే తీసుకోండి. మినప్పప్పు ఒక పాలు, ఇడ్లీ రవ్వ రెండు పాళ్ళు. పప్పు నాలుగు గంటలు నానాలి, రుబ్బాక ఎనిమిది గంటలు పులవాలి, ముసురు రోజుల్లో పది పన్నెండు పడుతుంది. నాలుగు పనసాకులు ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, ముప్పాతిక వంతు మాత్రమే పిండి పొయ్యాలి. నిండా పోస్తే పొంగి పుల్లలు ఊడతాయి. ఆవిరి మీద 20 నుంచి 25 నిమిషాలు. కాబట్టి "రేపు పొద్దున్న ఏం తింటారు" అని రాత్రి పదింటికి అడగడం వృథా. మధ్యాహ్నం భోజనం అయ్యేలోపు అడగాలి.

మండువా_మేస్త్రీ

గుమ్మం సంగతి. జపాన్ ఇళ్ళలో గెన్‌కాన్ అని వాకిలి దగ్గర పల్లంగా ఒక చోటు ఉంటుంది. చెప్పులు అక్కడే, అక్కడి నుంచి ఒక మెట్టెక్కితే ఇల్లు. మన అరుగు సరిగ్గా ఆ పని చేస్తుంది. చెయ్యాల్సినవి మూడు.

ఒకటి, కూర్చుని చెప్పులు విప్పుకోవడానికి ఒకటిన్నర అడుగుల ఎత్తు బల్ల. అరుగు ఎక్కువ ఎత్తుగానో మరీ కిందగానో ఉంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గోడ పట్టుకుంటారు. బల్ల పక్కన గోడకి ఒక కడ్డీ బిగించండి.

రెండు, కాళ్ళు కడుక్కునే చోటు. గంగాళం, చెంబు అందంగానే ఉంటాయి, వంగలేనివాళ్ళకి మాత్రం మోకాలి ఎత్తులో పంపు కావాలి. నేల వాలు మీటరుకి ఒకటిన్నర సెంటీమీటర్లు. అంతకంటే తక్కువైతే నీళ్ళు నిలిచి వానాకాలంలో వారంలో పాకుడు పడుతుంది. నున్నటి టైలు వద్దు, గరుకు కడప రాయి నయం. వారానికి రెండుసార్లు బ్లీచింగ్ పౌడర్ చల్లి, పది నిమిషాలాగి కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. తర్వాత రెండు పట్టలు వరసగా, మొదటిది కొబ్బరిపీచుది, రెండోది నూలుది. నూలుపట్ట రోజూ మార్చాలి. తడిసిన పట్ట మీద పొడికాలు పెట్టించడం కంటే పట్ట లేకపోవడమే మేలు.

మూడు, బాత్‌రూం చెప్పులు. జపాన్‌లో మరుగుదొడ్డికి వేరే చెప్పులుంటాయి. ఇక్కడ గుడ్డవి పనికిరావు, చిల్లులున్న రబ్బరువి కావాలి. గదికి రెండు జతలు, 7 సైజు ఒకటి, 10 సైజు ఒకటి. వాడాక బోర్లా తగిలించే కొక్కెం పెట్టండి.

వైనతేయ_గట్టు

అతిథి విప్పిన చెప్పుల్ని బయటికి వెళ్ళే వైపు తిప్పి పెట్టడం జపాన్‌లో ముఖ్యమంటారు. దాన్ని ఇక్కడ చెయ్యాలా?

మండువా_మేస్త్రీ

పనావిడ చేత మాత్రం చేయించకండి. ఇంకొకరి చెప్పులు ముట్టించడం మన దగ్గర మనిషిని తక్కువ చెయ్యడమే. దాని వెనక మన ఊళ్ళలో చాలా చేదు ఉంది. పెద్దవయసు అతిథులు కూడా "అయ్యో, మీరెందుకు" అని ఇబ్బంది పడతారు. ఆ పని వెనకున్న ఉద్దేశం, వెళ్ళేటప్పుడు వెతుక్కోకుండా, వెనక్కి తిరక్కుండా తొడుక్కోవడం. వాకిలి వైపు తెరుచుకున్న చెక్క అర, ఒక్కో గదికి ఒక్కో గడి ఉంటే అది నెరవేరుతుంది. ఎవరూ ఎవరి చెప్పులూ ముట్టక్కర్లేదు.

తాతామి_చాప

పూర్తిగా ఒప్పుకుంటున్నాను. రూపం వదిలెయ్యండి, పని నిలబెట్టండి.

ఇంకోటి కలుపుతాను. అతిథులు రాబోతున్నప్పుడు జపాన్‌లో వాకిట నీళ్ళు చల్లుతారు, ఉచిమిజు అంటారు. మన కళ్ళాపి లాంటిదే. వేళ ముఖ్యం. అక్కడ కూడా పొద్దున్న, సాయంత్రం చల్లమంటారు, మిట్టమధ్యాహ్నం వద్దంటారు. మన డెల్టా గాలిలో తేమ ముందే ఎక్కువ. రెండింటికి కాలే సిమెంటు వాకిట నీళ్ళు కొడితే ఉక్క పెరుగుతుంది. నాలుగున్నర తర్వాత, అతిథి రావడానికి పావుగంట ముందు చల్లితే నేల చల్లబడుతుంది, తడి ఆరి కాలు జారదు.

దుప్పట్ల_లెక్క

తువ్వాలు గురించి ఎవరూ రాయలేదు. ఒషిబోరి అంటే తడిపి చుట్టిన చిన్న తువ్వాలు. చలికాలంలో వేడిగా, వేసవిలో చల్లగా ఇస్తారు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు చల్లనిదే కావాలి.

30 సెంటీమీటర్ల చదరపు నూలు తువ్వాళ్ళు. మనిషికి రెండు, వచ్చినప్పుడు ఒకటి, భోజనం ముందు ఒకటి. లీటరు మంచినీళ్ళలో గుప్పెడు వట్టివేళ్ళు రాత్రంతా నానబెట్టి వడకట్టండి. తువ్వాలు ముంచి చుక్క కారకుండా పిండి, మడిచి చుట్టి, మూతున్న స్టీలు డబ్బాలో రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాలి. పళ్ళెంలో ఇచ్చి, అదే పళ్ళెంలో వెనక్కి తీసుకోండి. వాడిన తువ్వాలు చేత్తో పట్టుకుని అతిథి దిక్కులు చూడకూడదు.

చెడేది ఎక్కడంటే, ముందురోజు చుట్టిపెట్టిన తువ్వాలు ముక్కవాసన వస్తుంది. ఏ రోజువి ఆ రోజే. ఉతికేటప్పుడు బట్టల సోడా వేసి పది నిమిషాలు మరిగించి ఎండలో ఆరెయ్యాలి. మెత్తదనానికి వాడే ద్రవాలు వద్దు, వాటివల్ల నూలు నీళ్ళు పీల్చడం మానేస్తుంది. వట్టివేళ్ళ నీళ్ళకి తెల్ల తువ్వాలు కొన్నాళ్ళకి పసుపుబారుతుంది. మొదట్నించీ గోధుమరంగువి కొంటే ఆ బాధ లేదు.

ఇక పరుపులు, దుప్పట్లు. ఒక్కో మంచానికి మూడు జతల దుప్పట్లు అందరూ చెప్పే లెక్క: పరిచింది, ఉతుకుతున్నది, బీరువాలోది. జులై నుంచి అక్టోబరు దాకా ఇక్కడ నాలుగు కావాలి. ముసురులో దుప్పటి ఆరడానికి రెండు రోజులు పడుతుంది. సగం ఆరినదాన్ని మడిచి బీరువాలో పెడితే ఆ వాసన బీరువా అంతటికీ అంటుతుంది. కలరా ఉండల వాసన చాలామందికి పడదు. ఎండిన వేపాకు, వట్టివేళ్ళ మూట చాలు.

బూరుగుదూది పరుపు తేమ పీలుస్తుంది. జపాన్‌లో నేల మీద పరిచే పరుపుని, ఫుతోన్‌ని, పొద్దున్నే మడిచి ఎత్తేస్తారు, ఎండ వస్తే బయట వేస్తారు. నేల మీదే వదిలేస్తే అడుగున బూజు పడుతుంది కాబట్టి. మనం కూడా ఎండ ఉన్న రోజు పదింటి నుంచి రెండింటి దాకా, మధ్యలో తిరగేసి ఆరెయ్యాలి. ఎండ లేకపోతే గోడకి నిలబెట్టి గంట ఫ్యాను కింద ఉంచండి. మంచానికి నిండు ప్లైవుడ్ పలక కంటే బద్దీలో నవారో మేలు. గోడకీ మంచానికీ మధ్య జానెడు ఖాళీ వదలాలి, లేకపోతే గోడ తేమ పరుపు అంచుకి ఎక్కుతుంది.

తాతామి_చాప

మీరు పడక మాట ఎత్తారు కాబట్టి వేళ గురించి. ర్యోకాన్‌లో అతిథి రాత్రి భోజనంలో ఉండగా పడక పరుస్తారు. ఇక్కడ ఆ అరగంటలో దోమతెర దించాలి. ఐదున్నరకే కిటికీలు మూసి, ఏడున్నరకి అతిథి భోజనానికి కూర్చున్నాక లోపలికి వెళ్ళి తెర దించి, అంచులు పరుపు కిందికి దోపి, మంచినీళ్ళ సీసా, టార్చిలైటు పెట్టి రావాలి. భోజనం పిలుపుతోపాటే "గదిలో దోమతెర వేసి వస్తాం" అని చెప్పండి. చెప్పకుండా గదిలోకి వెళ్ళడం పరుల పెట్టె తెరవడం లాంటిది.

లంక_దారి

వానకి సిద్ధపడమన్న సూత్రం లంక గ్రామాల్లో గొడుగుతో ఆగదు. గొడుగులు ఎలాగూ మనిషికొకటి అరుగు మీద ఉండాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా బుకింగు ఉంటే రోజూ రెండు అంకెలు చూడండి. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటిది, 13కి రెండోది, 17కి మూడోది. 2022 జులైలో ఇక్కడ 25 లక్షలు దాటింది.

భద్రాచలంలో 43 దాటగానే అతిథికి ఫోన్ చెయ్యాలి. ధవళేశ్వరం హెచ్చరిక దాకా ఆగితే ఆయన అప్పటికే రైలెక్కి ఉంటాడు. ఫోన్‌లో మూడు మాటలు చెప్పండి: మన కాజ్‌వే మునుగుతుందా లేదా, తేదీ మార్చుకుంటే డబ్బు పోదు, మానుకుంటే ఎంత తిరిగిస్తాం. "ఏం ఫర్వాలేదు, రండి" అనడం ఇక్కడ మర్యాద కాదు, ప్రమాదం.

రైలు వేళలు ఇంకో చిక్కు. జపాన్ బసల్లో గది సాధారణంగా మధ్యాహ్నం మూడింటికి ఇస్తారు, పొద్దున్న పదింటికి ఖాళీ చేయిస్తారు. మనకి హైదరాబాద్ నుంచి రాత్రి బండిలో వచ్చేవాళ్ళు పాలకొల్లులోనో నరసాపురంలోనో పొద్దున్నే దిగుతారు. అమలాపురానికి రైలే లేదు కదా, అక్కడి నుంచి కారు. ఎనిమిదింటికి గుమ్మంలో నిలబడినవాళ్ళకి మూడింటికి రమ్మనలేం. పెరటి వైపు ఒక స్నానాల గది, సామాను పెట్టుకోవడానికి తాళం ఉన్న బీరువా, ఎనిమిదిన్నరకి ఫలహారం ఏర్పాటు చెయ్యండి. గది పన్నెండింటికి. ముందురాత్రి ఖాళీగా ఉంటే వెంటనే ఇచ్చెయ్యండి, దానికి డబ్బు అడక్కండి. ఇదంతా బుకింగు సందేశంలోనే రాయాలి.

వైనతేయ_గట్టు

ఆ సందేశంలో ఏమేం అడగాలి? మరీ ఎక్కువ అడిగితే విసుక్కుంటారు.

తాతామి_చాప

ఆరు చాలు. ఎన్నింటికి, దేని మీద వస్తారు; పిల్లలు, పెద్దవాళ్ళ వయసు; శాకాహారమా, ఉల్లి వెల్లుల్లి తింటారా; కారం ఎంత; ఆ రోజుల్లో ఉపవాసం, దీక్ష ఏమైనా ఉందా; పడనివి, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందులు ఏమైనా ఉన్నాయా. కార్తీక సోమవారం వచ్చినవాళ్ళకి చేపల పులుసు వాసన తగలకుండా చూసుకోవడం ఈ ఆరింటివల్లే వీలవుతుంది.

అడక్కూడనివి కూడా ఉన్నాయి, ఇది మన వైపు గట్టిగా చెప్పాల్సిన మాట. ఏ కులం, జీతమెంత, పెళ్ళయిందా, పిల్లలు ఎందుకు లేరు. ఇరుగుపొరుగు అరుగు మీదకి వచ్చి అడిగినా ఇంటివాళ్ళే మాట మళ్ళించాలి.

మళ్ళీ వచ్చేవాళ్ళ కోసం ఒక పుస్తకం పెట్టండి. కాఫీలో చక్కెర, తలగడ ఎత్తు, కింద గది కావాలన్నారా, అంతవరకే. వాళ్ళ ఇంటి విషయాలు, జబ్బుల పేర్లు అందులో రాయకండి.

పొట్టెక్క_బుట్ట

రాగానే ఏమివ్వాలన్నది కూడా చెప్పుకుందాం. జపాన్‌లో టీ, ఒక చిన్న తీపి ముక్క. మన దగ్గర కొబ్బరి బొండాం, సగం కాజా. పళ్ళెం నింపితే భోజనం చెడుతుంది. బొండాం అతిథి కూర్చున్నాకే కొట్టండి, ముందే కొట్టి గ్లాసుల్లో పోసి ఉంచితే ఆ ఎండకి పులుస్తుంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకి పొటాషియం వల్ల కొబ్బరినీళ్ళు మంచివి కావు. వద్దన్నవాళ్ళని కారణం అడక్కుండా మంచినీళ్ళివ్వండి.

ఉప్పునీటి బోర్లున్న ఊళ్ళలో ఇంకో మాట. సబ్బు నురగ రాదు, జుట్టు జిగటగా ఉంటుంది. స్నానాల గదిలో మంచినీళ్ళ బకెట్ ఒకటి వేరుగా పెట్టి, "ఆఖరి చెంబులకి ఇవి" అని చీటీ అంటించండి. వేసవిలో కాలువలు కట్టేసే రోజులకి ఆ బకెట్ లెక్క కూడా కలుపుకుని నీళ్ళు నిలవ చేసుకోవాలి.

లంక_దారి

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు పథకం 1 నుంచి 6 గదుల దాకా వర్తిస్తుంది, యజమాని కుటుంబం అక్కడే ఉండాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలివ్వాలి. పాస్‌పోర్టు ఫొటో అరుగు మీదే, కాళ్ళు కూడా కడుక్కోకముందే అడక్కండి. ఫలహారం అయ్యాక అడిగినా వేళ మించదు.

దుప్పట్ల_లెక్క

వెళ్ళేటప్పుడు. జపాన్‌లో అతిథి కనుమరుగయ్యేదాకా వాకిట నిలబడి చెయ్యి ఊపుతారు. మనం వీధి మలుపు దాకా చూస్తూ నిలబడతాం, అదే పద్ధతి, కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. రాత్రి బండికి వెళ్ళేవాళ్ళకి పులిహోర పొట్లం, మంచినీళ్ళు ఇవ్వండి. పెరుగన్నం వేసవిలో నాలుగు గంటలకే పులుస్తుంది, వద్దు. ఆత్రేయపురం పూతరేకులు ఇచ్చేటట్టయితే గట్టి అట్టపెట్టెలో పెట్టాలి, సంచిలో వేస్తే ఇంటికి పొడి చేరుతుంది.

ఒకరు వాకిట ఉండగానే రెండోవారు గదిలోకి వెళ్ళాలి. బండి చించినాడ వంతెన ఎక్కేలోపు ఫోన్ చేస్తే వెనక్కి తిరగొచ్చు. జపాన్ రైల్వేల్లో సిబ్బంది ప్రతి సిగ్నల్నీ వేలితో చూపించి, పైకి చెబుతూ సరిచూసుకుంటారు. గదిలోనూ అలాగే: తలగడ కింద, మంచం కింద, ప్లగ్గులో ఛార్జర్, బాత్‌రూం తలుపు కొక్కెం, కిటికీ గూట్లో కళ్ళద్దాలు. వేలు పెట్టి, పేరు చెప్పి. కళ్ళతో ఊరికే చూస్తే తెల్లగోడకి తెల్ల ఛార్జర్ కనబడదు.

వైనతేయ_గట్టు

ఫ్రిజ్‌లో పెట్టిన మందులు? అవి గదిలో ఉండవు కదా.

దుప్పట్ల_లెక్క

మంచి ప్రశ్న. ఇన్సులిన్ మరిచిపోయేది అక్కడే. మందు ఫ్రిజ్‌లో పెట్టిన రోజే ఆ గది తాళంచెవికి ఎర్రదారం కట్టండి. వెళ్ళేటప్పుడు తాళంచెవి మీ చేతికి రాగానే దారం కనిపిస్తుంది. మందు వాళ్ళ సంచిలో పెట్టాకే దారం విప్పాలి.